కర్నూల్లో చెవి రుద్దుకున్నవారి సంఘం

నేనొక మనిషిని ఠాణాలో పెట్టించాను. ఒక పట్టణం పట్టణమంతా తన చెవిని తాను ముట్టుకోవడానికి జంకేలా చేశాను. ఒక శుభమైన పెళ్ళికి పన్నెండు రోజులపాటు వందలాది ఆడవాళ్ళ చేత కొంగులు తడిసేలా ఏడిపించాను. ఇన్ని ఘోరాలకూ నాకు కత్తి అవసరం కాలేదు, కుట్ర అవసరం కాలేదు. ఒక రేకు బూర, ఒక వెదురు కర్ర, థర్డ్ ఫారం తప్పిన ఇంగ్లీషు, ఈ మూడూ సరిపోయాయి. మీరు నవ్వుకోవచ్చు, నవ్వించే పూచీ నాది. కాని నవ్వేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ కథలో దెబ్బలు తిన్నవాడు నేను కాదు.

సినిమా బొమ్మలకింకా నోరు రాని రోజులవి. తెరమీద దొరలూ దొరసానులూ పెదవులు ఆడించేవారే గాని చప్పుడుండేది కాదు. మధ్యమధ్య నల్లపలక ఒకటి వచ్చేది. దానిమీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి నిలబడి, మనం కళ్ళు నులుముకునేలోపు మాయమయ్యేవి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు కచ్చేరీలో ఉండేవారు, బొమ్మ చూసేవాళ్ళు హంద్రీ ఏటి ఇసుకలో ఉండేవారు. ఈ రెండు తెగల మధ్యా తెర పక్కన ఒక మనిషి నిలబడి, పలకలు చదివి, వెదురు కర్రతో బొమ్మలు చూపిస్తూ, కథను రేకు బూరలో తెలుగులో అరిచి చెప్పాలి. ఆ మహానుభావుణ్ణి నేను. వయసు ఇరవైరెండు. గొంతు మాత్రం నలుగురు మనుషులది.

ఆదోని నుంచి వచ్చిన బసప్ప ఏటా ఎండాకాలం హంద్రీ ఎండగానే ఏటి నడుమ గుడారం వేసేవాడు. తెర అంటే నీళ్ళు చల్లి తడిపిన గుడ్డ. జనం దానికి ముందూ కూర్చునేవారు, సగం టిక్కెట్టుతో వెనకా కూర్చునేవారు. వెనకవాళ్ళకు బొమ్మ కుడిఎడమలు తిరగబడి కనిపించేది. కుడిచేత్తో కత్తి దూసిన వీరుడు వాళ్ళ పాలిట పుర్రచేతి వీరుడు.

“ఇంగ్లీషు సదువుతావంట గదప్పా?” అని అడిగాడు బసప్ప, నన్ను పనిలో పెట్టుకునేటప్పుడు.

“సదవడం ఒకటేనా? నాకు కలలు గూడ అందులోనే వస్తాండాయి” అన్నాను.

ఇది పూర్తిగా అబద్ధమని అనుకోకండి. మా కల్లూరులో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. నేను గంభీరంగా చూసి, రెండుసార్లు గొంతు సవరించుకుని, “అంతా క్షేమం” అని చదివేవాణ్ణి. అందరికీ అదే చదివేవాణ్ణి. అందరూ సంతోషంగా వెళ్ళేవారు. ఒకాయన కోర్టు సమను తెచ్చినా అదే చదివాను.

ఆ ఏడు బసప్ప తెచ్చిన బొమ్మకు మొదటి రీలు లేదు. దానితోపాటు పేరూ పోయింది. “పేరు లేని బొమ్మకు జనం రారప్పా, ఏదన్నా పెట్టు” అంటే నేనే నామకరణం చేశాను: ‘నల్లముసుగుల సంఘము లేక ప్రియురాలి కన్నీరు’. అందులో చీకటి నేలమాళిగ ఉంది, ముసుగులు వేసుకున్న మనుషులున్నారు, చీట్లు తీసి ఎవరినో చంపాలని నిర్ణయించుకోవడం ఉంది, ఒక అందమైన పిల్ల, ఆమె కోసం గోడలు దూకే ఒక యువకుడు ఉన్నారు. ఇవన్నీ కంటికి కనిపించేవి. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరిని ఎందుకు చంపాలి అన్నది పలకలమీద ఉంది. అంటే నా దయమీద ఉంది.

మొదటి రోజే గండం వచ్చింది. నల్లకోటు ముసలాయన ఒకడు భోజనాల బల్ల దగ్గర కూర్చుని చెవి రుద్దుకున్నాడు. వెంటనే పలక పడింది. అది పలకా, అమ్మకం దస్తావేజా? ఏడు వరుసలు. అందులో నాకు పరిచయమున్న మాటలు రెండే, ఒకటి ‘ది’, రెండోది ‘అండ్’. యంత్రం తిప్పేవాడు కూడా మర్యాదకు నిదానంగా తిప్పాడు. జనమంతా నా నోటివైపు చూస్తున్నారు. ఏం చెప్పాలో తోచక ఎదురుగా చూశాను. ముందు వరుసలో మా ఖాదర్ మామ కూర్చుని ఉన్నాడు.

ఖాదర్ మామది కల్లూరులో మా వెనకిల్లు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే పని. రోజూ హంద్రీ దాటి కర్నూలు వచ్చి బురుజు పక్కన కొలిమి పెట్టుకునేవాడు. ముప్ఫై ఏళ్ళు కళాయికి వాడే నవసాగరం పొగలో కూర్చోవడంతో కుడిచెవికి దురద పట్టుకుంది. చిటికెనవేలితో మూడుసార్లు రుద్దుకుంటాడు, ఆగుతాడు, మళ్ళీ మూడుసార్లు. అప్పుడూ అదే చేస్తున్నాడు, పాపం, నోరు తెరుచుకుని బొమ్మ చూస్తూ.

నా నాలుక లేచింది.

“ఈ నల్లకోటు ముసలోడే సంఘానికి పెద్ద. సంఘంలో వాండ్లు ఒగరినొగరు యెట్ల గుర్తుపడతారంటే, సెవిని మూడుతూర్లు రుద్దుకుంటారు. ఒగటి రుద్దితే నేనుండా అని. రెండు రుద్దితే కత్తి ఉండాది అని. మూడు రుద్దితే ఈ దినమే పని అయిపోవల్ల అని.”

గుడారం బిగుసుకుపోయింది. సూది పడితే వినపడేదని రాయవచ్చు గాని, ఇసుకలో సూది పడితే ఎట్లా వినపడుతుంది? వెనక నుంచి ఎవరో వణుకుతూ అడిగారు: “ఈ సంఘం మన తట్టు గూడ ఉండాదా అప్పా?”

లేదంటే కథ అయిపోయేది. నా బతుకు ఇంకోలా ఉండేది. కాని మూడువందల మంది ఊపిరి నా చేతిలో ఉంటే ఎవడు వదులుతాడు?

“ల్యాకేమి? ఎర్రగుంట్ల స్టేషన్లో ఒక శాఖ, మహానందిలో ఒక శాఖ. కర్నూల్లో యెందరుండారో, మీ పక్కనోన్ని సూసుకోండి.”

అందరూ పక్కవాడిని చూశారు. ఖాదర్ మామ కూడా చూశాడు, చెవి రుద్దుకుంటూ.

మరునాటికి కర్నూలు మారిపోయింది. తెర ముందు కూర్చున్నవాళ్ళు సంఘం గుర్తు ఎడమచెవి అన్నారు. తెర వెనక కూర్చున్నవాళ్ళు, మేం కళ్ళారా చూశాం, కుడిచెవే అన్నారు. దాంతో ఊళ్ళో ఏ చెవికీ భద్రత లేకపోయింది. మంగలివాళ్ళు చెవిలో గులిమి తీయడం మానేశారు. చెవికమ్మ సర్దుకున్న కోడలిని అత్త పుట్టింటికి తరిమిందట. ఒక గాడిద చెవులాడిస్తే సంతలో దాన్నెవరూ కొనలేదట. ఇవి నేను కల్పించినవి కావు. నేను కల్పించినవి ఇంతకంటే నమ్మేటట్టుంటాయి.

రోజూ గుడారం నిండింది. బసప్ప నాకు వెన్న కలిపి రొట్టె పెట్టాడు. నేను రోజుకొక మెరుగు పెట్టాను. అయిదో రోజుకు ఆ సంఘంవాళ్ళు నెత్తురుతో సంతకం పెట్టేదాకా వచ్చారు.

ఆరో రోజు, కథలో నేను పెట్టని సంగతి ఒకటి జరిగింది. తెల్లదొరలు దేశం విడిచిపోవాలని ఎవరో రాసి కచ్చేరీ గోడకు కాగితం అంటించారు. అంటించినవాడు దొరకలేదు. కోస్తా నుంచి కొత్తగా బదిలీమీద వచ్చిన ఇన్‌స్పెక్టరుకు పైనుంచి తాఖీదులు పడ్డాయి. ఆయనకు వెంటనే ఒక సంఘం కావలసి వచ్చింది. ఊళ్ళో సంఘం గురించి ఏమనుకుంటున్నారో కనుక్కోమని, మామూలు బట్టల్లో ఒక కానిస్టేబుల్‌ను గుడారానికి పంపాడు. ఆ బుద్ధిమంతుడు ఎవరి కంటా పడకూడదని తెర వెనక కూర్చున్నాడు. నా కథంతా విన్నాడు. మరునాడు బురుజు పక్కగా పోతూ, కొలిమి ముందు కుడిచెవిని మూడుసార్లు రుద్దుకుంటున్న ఖాదర్ మామను చూశాడు.

ఆ మరునాడు పొద్దున మా ఇంటి ముందుకు మామ పెళ్ళాం మాబున్ని అత్త వచ్చి నిలబడింది.

“నరసప్పా, మీ మామను పట్టకపోయినారు. సెవి రుద్దుకున్నెందుకంట. దురదకు గూడ పట్టకపోతారా అబ్బా? నీకు ఇంగ్లీషు వస్తాది గదా. వచ్చి ఆ దొరకు నాలుగు మాటలు సెప్పు, ఈయప్ప యట్లాంటోడో.”

ఆమె ఎన్నడూ బొమ్మకు రాలేదు. ఆ సంఘానికి తండ్రి ఎవరో ఆమెకు తెలియదు.

“రేపొస్తా అత్తా” అన్నాను.

ఇక్కడ నవ్వు ఆపి ఒక నిజం చెప్పాలి. ఆ రేపు మూడు రోజులు సాగింది. ఆ మూడు రోజులూ మామ లోపల ఉన్నాడు, నేను గుడారంలో ఉన్నాను, చెవి ముక్క వచ్చినప్పుడల్లా అదే చెబుతూ ఉన్నాను. తీసేద్దామనుకున్నాను. తీసేస్తే, ఇన్నాళ్ళూ పలకలో ఉన్నది ఇవాళ ఏమైందని అడుగుతారు. అడిగితే నా ఇంగ్లీషు బయటపడుతుంది. ఆ ముక్క దగ్గర మామ కూర్చునే చోటు చూసి బూర దించేసేవాణ్ణి. జనం దాన్ని నటన అనుకుని ఈలలు వేసేవారు.

నాలుగో రోజు అత్త ఠాణా నుంచి సద్దిమూట తిరిగి తెస్తూ ఎదురుపడింది. మూట చూపింది.

“నమలనీకి దవడ రాల్యా అన్న్యాడు” అంది.

అప్పుడు పోయాను ఠాణాకు.

ఇన్‌స్పెక్టరు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. నేను చేతులు కట్టుకుని ఒక్క గుక్కలో చెప్పేశాను: నాకు ఇంగ్లీషు రాదు, సంఘం గుర్తు నేనే కల్పించాను, ఖాదర్ మామకు ఏ పాపమూ తెలియదు.

“ఇంగ్లీషు రాకుండానే ఇన్ని రోజులు కథ చెప్పావా?”

“కల్పించి సెప్పినా సార్.”

“నువ్వు కల్పించిన గుర్తు ఆ ఖాదర్‌కు ఎలా తెలిసింది?”

“ఆయనకు తెలీదు సార్. ఆయనకు దురద.”

“మరి నీకెలా తోచింది?”

“ఆయన్ను సూసి.”

“అంటే గుర్తు అతనిదే. నువ్వు బయటపెట్టావు.”

ఈ తర్కంలోంచి బయటపడే దారి నాకు కనిపించలేదు. ఇంకో దారి పట్టాను.

“సార్, బొమ్మలో ముసలోడు రుద్దుకునేది ఎడమసెవి. మీ కానిస్టేబులు తెర వెనక కూచున్న్యాడు, ఆయనకు కుడి అనిపించింది. మామది కుడిసెవి. రెండిటికీ సమ్మందమే ల్యా.”

ఆయన కాగితంమీద ఏదో రాసుకున్నాడు. “ఎడమ నాయకులకు, కుడి సభ్యులకు. ఇంకా ఏం తెలుసు నీకు?”

లోపలి గది నుంచి దగ్గు వినిపించింది. అది మామ దగ్గేనని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ ఇంటి వెనక వింటున్న దగ్గు.

అంతలో కల్లూరు నుంచి పదిమంది దిగారు. నరసప్పను ఠాణాలో పెట్టుకున్నారని తెలిసి, నన్ను రక్షించడానికి వచ్చారు. వాళ్ళ పెద్ద ఓబులేసు తలగుడ్డ తీసి దండం పెట్టాడు.

“సామీ, మావోడు ఇంగ్లీషు రాదంటాండాడంట. బయపడి అంటాండాడు, నమ్మొద్దు. మా ఊర్లో యే కాయితం వచ్చినా వాడే సదివేది.”

“ఓబులేసు మామా, కొంచెం మూసుకో” అన్నాను.

“సూసినారా సామీ, యెంత అణకువో. శానా పెద్ద సదువు.”

ఇన్‌స్పెక్టరు నావైపు పులి మేకవైపు చూసినట్టు చూశాడు. ఉరితాడు నా మెడ కొలత తీసుకుంటున్నట్టనిపించింది. నా మంచి కోరి వచ్చినవాళ్ళు పదిమంది, ఒక్కొక్కరూ నా పాండిత్యానికి ఒక్కొక్క మేకు కొడుతున్నారు. చివరికి మూలనున్న ఒకాయన ముందుకొచ్చాడు. ఎవరో కాదు, కోర్టు సమను ఆయన.

“నా సమను గూడ ఈయప్పే సదివినాడు సామీ. అంతా క్షేమమన్న్యాడు.”

“కేసు ఏమైంది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“వాయిదాకు పోల్యా. బూమి పాయ. అది నా కర్మ సామీ, ఈయప్ప సదువులో తప్పుల్యా.”

ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టాడు. మొట్టమొదటిసారి ఆయన ముఖంలో నామీద నమ్మకం కనిపించింది, అంటే నేను నిజంగానే చదువురానివాణ్ణని.

“సాయంత్రం ఆ బొమ్మ నాకు చూపించండి. నువ్వు రోజూ చెప్పినట్టే చెప్పాలి. పలకలు నేను చదువుతాను.”

అప్పటికి పన్నెండు రోజుల ఆటలు అయ్యాయి. ఆయన ఒక్కడే కుర్చీలో కూర్చున్నాడు. జనాన్ని గుడారం బయట నిలబెట్టారు గాని గుడ్డ గోడలకు చెవులాపడం ఎవరు అడ్డుకోగలరు? నేను బూర అందుకున్నాను. నా బతుకులో అంత కష్టమైన ఆట లేదు.

మొదటి పలక పడింది. నేను రోజూ చెప్పే ముక్క మొదలుపెట్టాను: “సచ్చిపోయిన తల్లి శాపం పెడతాండాది. ఓరి కొడుకా, నా నెత్తురు కండ్ల సూసినోడివి...”

“మరునాడు ఉదయం” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“సార్?”

“పలకమీద అంతే ఉంది. మరునాడు ఉదయం. కానియ్యి.”

బయట ఎవరో కిసుక్కుమన్నారు. ముసుగులవాళ్ళు చీట్లు తీశారు. నల్లకోటు ముసలాయన భోజనాల బల్ల దగ్గరికి వచ్చాడు. ఆయన చెవి రుద్దుకున్నాడు. ఏడు వరుసల పలక పడింది.

“సెప్పు” అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఆ వేడిలో తన కోస్తా తెలుగు మరిచిపోయి.

నేను చెప్పాను, ఒకటి, రెండు, మూడు అని. ఆయన నిదానంగా చదివాడు.

“ఈయన ఇక్కడి పోలీసు అధికారి. పిల్లకు తండ్రి. నిజాయితీపరుడు. తనను చంపడానికి సంఘం చీటీ తీసిందని తెలియక భోజనానికి కూర్చున్నాడు.” ఆగి నావైపు తిరిగాడు. “చెవి సంగతి ఎక్కడా లేదు. దోమ కుట్టి ఉంటుంది. అయితే పోలీసు అధికారిని సంఘానికి పెద్దను చేసి పన్నెండు రోజులు ఊరిచేత తిట్టించావన్నమాట.”

నేను నేలవైపు చూశాను. హంద్రీలో అప్పుడే వరద వచ్చి గుడారంతో సహా నన్ను తీసుకుపోతే బాగుండుననుకున్నాను. ఎండాకాలం హంద్రీకి అంత దయ ఎక్కడిది?

ఆఖరి రీలు. పిల్ల తలనుంచి కాలిదాకా తెల్లబట్టలు కట్టుకుని, ముఖంమీద తెల్లటి ముసుగు వేసుకుని, పూలు పట్టుకుని తల వంచుకుని నడిచి వస్తుంది. ఇది నా కథకు శిఖరం. గొంతు బొంగురు చేసుకున్నాను.

“సంఘంవాండ్లు కథానాయకుణ్ణి సంపినారు. తెల్లకోక కట్టిన ఆ బిడ్డ మొగుని గోరీకాడికి పూలు తీసుకోని పోతాండాది. తల్లులారా, ఆ కడుపుకోత సూడండి. పక్కన నిలబడినాడే నల్లబట్టలతో, ఆయప్ప మనిషి కాదు, సచ్చినోని ఆత్మ.”

“వాళ్ళ పెళ్ళి” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“సార్?”

“పెళ్ళి. దొరసానులు పెళ్ళికి తెల్లబట్టలే కడతారు. ఆ పక్కనున్నది పెళ్ళికొడుకు, బతికే ఉన్నాడు. ‘వారు కలకాలం సుఖంగా ఉన్నారు’ అని రాసి ఉంది.”

గుడారం బయట ఒక ముసలమ్మ గొంతు లేచింది: “ఒరే నరసిగా, పన్నెండు దినాలు నేను ఏడ్చింది పెండ్లికా? కొడుకు సచ్చినప్పుడు గూడ అన్ని కన్నీళ్ళు కార్చల్యా కదరా.” ఆ వెంటనే గుడ్డ గోడమీద ఇసుక వాన మొదలైంది.

ఇన్‌స్పెక్టరు లేచాడు. ఎక్కడా క్షమాపణ లేదు, ఉండదని అందరికీ తెలుసు. “ఖాదర్‌ను వదిలేయండి” అని మాత్రం అన్నాడు.

మాబున్ని అత్త భుజంమీద చెయ్యి వేసుకుని ఖాదర్ మామ ఠాణా మెట్లు దిగాడు. రెండు చెవులకూ గుడ్డ కట్టి ఉంది. లోపల జరిగింది తరువాత తెలిసింది. సంఘం గుర్తు కుడిచెవి అని తెర వెనక చూసిన కానిస్టేబులు, కాదు ఎడమ అని సొంత టిక్కెట్టుతో తెర ముందు చూసిన ఇంకో కానిస్టేబులు, ఇద్దరూ అయిదు రోజులు వాదించుకున్నారు. వాదన తెగక, న్యాయంగా ఉంటుందని, రెండు చెవులమీదా కొట్టారు.

బసప్ప నన్ను తీసేసి నంద్యాల నుంచి నిజంగా ఇంగ్లీషు వచ్చిన మనిషిని తెచ్చుకున్నాడు. ఆయన “మరునాడు ఉదయం” అని ఉంటే “మరునాడు ఉదయం” అనే చెప్పేవాడు. జనం మూడో రోజుకే ఆవులించారు.

అట్లాంటి ఒక సాయంత్రం ఖాదర్ మామ వచ్చి ఇసుకలో తన పాత చోటే కూర్చున్నాడు. నేను వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళమీద కూర్చున్నాను. మొత్తం చెప్పాను. ఏడు వరుసల పలక, నాకు తోచకపోవడం, నేను ఆయన్ను చూడడం, మూడు అన్న లెక్క ఎక్కడనుంచి వచ్చిందన్నది, మూడు రోజులు నేను రాకుండా ఉన్నది. నా జీవితంలో ఒక్క అబద్ధమైనా కలపకుండా చెప్పిన కథ అదొక్కటే. చుట్టుపక్కలవాళ్ళు బొమ్మ మానేసి నన్నే చూశారు. నా కళ్ళవెంట నీళ్ళు కారాయి. చెప్పి, తల వంచుకుని, ఆయన తిట్టే తిట్టు కోసం కాచుకున్నాను.

మామ నా పెదవులవైపే శ్రద్ధగా చూస్తూ కాసేపు ఎదురుచూశాడు. తరువాత మెల్లగా అడిగాడు.

“శానా సేపటి నుంచి నోరు ఆడిస్తాండావు అల్లుడా. పలక యాడ?”

అందుచేత పాఠక మహాశయులారా, హంద్రీ ఇసుక గుప్పిట పట్టి, సకల దేవతలనూ, సకల కానిస్టేబుళ్ళనూ సాక్షులుగా నిలిపి ఆనాడే ప్రమాణం చేశాను. నాకు చదవరాని పలకను ఇకమీదట చదవను, అది మనిషి ముఖమైనా సరే. ఆ మరునాడే ఊళ్ళోవాళ్ళు ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చి నా చేతికిచ్చారు. నేను గంభీరంగా చూసి, రెండుసార్లు గొంతు సవరించుకుని, నాకు రాదని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.